కొత్తపేట సీమలో యావజ్జీవవిద్య

తైత్తిరీయ బ్రాహ్మణము మూడవ యష్టకమున భరద్వాజ మహర్షిని గూర్చిన ఉపాఖ్యాన మొకటి కలదు. ఆ ఋషి మూడు పురుషాయుషములు బ్రహ్మచర్యమునందే యుండి వేదాధ్యయనము చేసి, జీర్ణదేహుడై శయ్యపై పడియున్న తఱి ఇంద్రుడు వచ్చి, నాలుగవ యాయువు నొసగినచో దాని నెట్లు వినియోగింతువని ప్రశ్నించెను. అధ్యయనమునే కొనసాగింతునని ఋషి బదులు చెప్పెను. అంతట ఇంద్రుడు పర్వతాకారములైన మూడు రాసులను చూపి, ఒక్కొక్క దానినుండి పిడికెడు గ్రహించి, వేదము లనంతములనియు, మూడాయువులలో అతడు నేర్చినది ఆ పిడికిళ్లపాటియే యనియు, తక్కినదంతయు నేర్వకయే మిగిలియున్నదనియు తెలిపెను. కొత్తపేట చుట్టుపట్ల అగ్రహారములలో ఎన్ని తరముల బాలురు ఎన్ని వేకువలయందు ఈ కథను గొంతెత్తి వల్లించిరో లెక్కింప నెవరి తరము? ఏలయన నిది వారు కంఠస్థము చేయవలసిన పాఠములోని భాగమే. అర్థ మెఱుగని వయసున నోటికి వచ్చిన ఆ కథ, అర్థము తెలిసిన వయసున తమ జీవితమునే వర్ణించుచున్నట్లు వారికి తోచి యుండును.

ధవళేశ్వరము దిగువ అఖండ గోదావరి చీలి, తూర్పున గౌతమియు పడమట వసిష్ఠయు సముద్రాభిముఖములై సాగగా, ఆ రెంటి నడుమ నిలిచిన త్రికోణాకారపు గడ్డయే కోనసీమ. ఆ త్రికోణపు పైభాగమున, రావులపాలెమునకు దిగువగా కొత్తపేట యున్నది. పలివెల ఉమా కొప్పేశ్వరస్వామి ఆలయమును, మందపల్లి మందేశ్వరస్వామి ఆలయమును దానికి అనతిదూరమున నున్నవి. 2022 ఏప్రిల్ 4న కోనసీమ ప్రత్యేక జిల్లాగా ఏర్పడినప్పుడు కొత్తపేట ఒక రెవెన్యూ డివిజనునకు కేంద్రమైనది. జీవితాంతము నేర్చుకొనుచుండవలె నను మాట నేడు ఉద్యోగస్థులకు ఉపన్యాసకులు బోధించు నూతన ధర్మమువలె వినవచ్చుచున్నది గాని, ఈ సీమలో అది ప్రాచీనమైన ఆచారము. దాని చరిత్రను తఱచి చూచిన కొలది నాకు బలపడిన అభిప్రాయ మేమనగా, ఇచట యావజ్జీవము నేర్చినవా రెవరును ఒంటరిగా నేర్వలేదనియు, తప్పు దిద్దువారు చెంత నున్నంత కాలమే ఏ విద్యయైనను నిలిచినదనియు.

ఈ సీమ వైదికులలో పెక్కుమంది కృష్ణయజుర్వేదమునకు, అందును తైత్తిరీయ శాఖకు చెందినవారు. సంహితయందు 44, బ్రాహ్మణమునందు 28, ఆరణ్యకమునందు 10, వెరసి 82 పన్నములు, అనగా అధ్యాయములు, వారి అధ్యయనక్రమము. సంహిత యొక్కటియే 2198 పనసలు. పనసకు సుమారు 50 పదములు. లక్ష పదములకు మించిన ఈ రాశిని, ఉదాత్తానుదాత్తస్వరితములు తప్పక, ఒక్క మాత్రయైన పొల్లుపోక, పుస్తకము చూడకుండ ధరింపవలెను. ఉపనయనమైన బాలుడు గురువు నెదుట కూర్చుండి సంథ చెప్పుకొనును. గురువు ఒక్కమాఱు పలికినదానిని అతడు రెండుమాఱులు పలుకును. స్వరము జాఱినచో గురువు అక్కడనే ఆపి మరల పలికించును. పిమ్మట సహాధ్యాయితో కూడి ఆ భాగమును పలుమార్లు వల్లెవేసి, అప్పగించిన పిదపగాని క్రొత్త పాఠము లభింపదు. పాణినీయ శిక్షయందు అధములైన పాఠకులు ఆర్గురని చెప్పి, వ్రాసినదానిని చూచి చదువువానిని, అర్థ మెఱుగక చదువువానిని కూడ వారిలో చేర్చిరి. చూచి చదువువానిని అంతగా నిందించుటకు హేతువు నాకు తోచినంతవఱకు నిది: పుస్తకము తప్పు చదివినవానిని ఆపదు, ఎదుట కూర్చున్న మనుష్యుడు ఆపును.

సంహిత నోటికి వచ్చిన పిమ్మట పదపాఠము, క్రమము, జట, ఘన యను మెట్లు వచ్చును. క్రమమున మొదటి పదమును రెండవదానితో, రెండవదానిని మూడవదానితో జతపఱచుచు పోవుదురు. జటయందు ఆ జతను ముందుకు, వెనుకకు, మరల ముందుకు పలుకుదురు. ఘనయందు రెండు పదములను ముందుకును వెనుకకును పలికి, మూడవ పదమును చేర్చుకొని ఆ మూడింటిని ముందుకు, వెనుకకు, మరల ముందుకు పలుకుదురు. అనగా మెట్టు మెట్టునకు పదుమూడు పదోచ్చారణములు. పరిచయము లేనివారికి ఇది నిష్ప్రయోజనమైన జిహ్వావ్యాయామముగా తోపవచ్చును. కాని ఒక పదము జాఱినచో, ఒక సంధి తప్పినచో, వెనుకకు మరలి వచ్చునప్పుడు ఆ లోపము బయటపడక మానదు. తప్పును దాచుకొనుటకు వీలులేని విధముగా ఆ విద్యను అల్లిరి. లిపి సహాయ మపేక్షింపక ఒక మహాగ్రంథము వేలయేండ్లు నిలిచిన దనగా, దానికి మూలము కొందఱి అసాధారణ ధారణాశక్తి యని మనము సులభముగా అనుకొందుము. ధారణ కలవారు ఏ దేశమందైనను పుట్టుదురు; తప్పు దాగనీయని పద్ధతిని నిర్మించుకొనిన సమాజములు మాత్రము అరుదు. ఘనపాఠముపైన లక్షణగ్రంథములను కూడ అభ్యసించిన వారిని సలక్షణ ఘనాపాఠులని గౌరవింతురు.

ఆ బిరుదముతోనైనను చదువు ముగియదు. గృహస్థుడైన వైదికునకు బ్రహ్మయజ్ఞము నిత్యకర్మ. తాను నేర్చిన శాఖను దినదినము కొంత కొంత వల్లింపక తీరదు. ఎనుబది దాటిన ఘనాపాఠియైనను ఇరువది యేండ్ల శిష్యునితో కలసి పన్నము చెప్పుకొనును. జ్ఞాపకము పట్టు వదలుచున్న వయసున ఆ శిష్యుని గొంతే గురువునకు ఊతమగును. ఎవరు ఎవరికి నేర్పుచున్నారో చూచువారికి తెలియని ఆ స్థితిని నేను ఈ విద్యకు పరాకాష్ఠగా భావింతును. పంచాంగము సైతము దీనికి తోడ్పడినది. పాడ్యమి, అష్టమి, చతుర్దశి మొదలగు అనధ్యయన దినములలో క్రొత్త పాఠము చెప్పరు. ప్రతి సంవత్సరము శ్రావణ పూర్ణిమనాడు ఉపాకర్మ జరిపి, వేదమును మరల మొదటినుండి ఆరంభింతురు. లోకులు జంధ్యాల పూర్ణిమ యని పిలుచుకొను ఆ దినమున నూతన వటువును, వానికి తాతయగు పండితుడును ప్రక్కప్రక్కనే కూర్చుండి ఒకే ఆరంభమును చేయుదురు. ఏడాదికొక్కమాఱు ప్రతి విద్వాంసుడును మొదటి పాఠమునకు దిగి రావలె నను నియమమును ఇంత స్పష్టముగా ఏర్పఱచిన విద్యాలయ మింకొకటి నా యెఱుకలో లేదు.

వారు వల్లించు తైత్తిరీయోపనిషత్తులోని శీక్షావల్లిలో తొమ్మిదవ యనువాకము ఈ విషయమునే వేఱొక విధముగా చర్చించినది. ఋతము, సత్యము, తపస్సు, అతిథిపూజ మొదలుగా పన్నెండు ధర్మములను పేర్కొనుచు, ఒక్కొక్క దానితో స్వాధ్యాయప్రవచనములను, అనగా తాను చదువుటను ఇతరులకు చెప్పుటను, విడువక జోడించెను. తుదకు ముగ్గురు ఋషుల మతములను ఉదాహరించెను. రాథీతరుడు సత్యమే ప్రధాన మనెను. పౌరుశిష్టి తపస్సే ప్రధాన మనెను. నాకుడను మౌద్గల్యుడు స్వాధ్యాయప్రవచనములే చాలుననియు, అవియే తపస్సనియు పలికెను. చదువుటను చెప్పుటనుండి ఆ ఋషి విడదీయకుండుట గమనింపదగినది. తనకై తాను చదువుకొనువానికి తన తప్పు తనకు వినపడదు. ఇతరునకు చెప్పబూనినపుడు మాత్రమే అది వినపడును.

ఈ వ్యవస్థకు ఆధారము భూవసతి. అగ్రహారపు మాన్యముల ఫలసాయమే పండితుల కుటుంబములను పోషించినది. 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టమును, 1956 నాటి ఆంధ్ర ఇనాముల రద్దు చట్టమును ఆ పాత ఏర్పాటును కదలించినవి. సేద్యము చేయువానికి భూమిపై హక్కు కలుగుట న్యాయమే. దానిని కాదనువాడను కాను. అయినను పండితుని కుమారుడు ఇంగ్లీషు బడికి పోక తప్పని కాలము దానితో వచ్చినది. తిరుమల తిరుపతి దేవస్థానములు వేదపారాయణదారులకు భృతి కల్పించుటచే కొన్ని గృహములలో అధ్యయనము ఆఱిపోక నిలిచినది. అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు డేవిడ్ నైప్ కోనసీమ వైదిక కుటుంబముల నడుమ దశాబ్దములపాటు మెలగి, వారి జీవితకథలను 2015లో 'వేదిక్ వాయిసెస్' అను గ్రంథముగా వెలువరించెను. భారతీయ వేదపఠన సంప్రదాయమును యునెస్కో 2003లో మానవాళి వారసత్వముగా ప్రకటించినది.

ఇంత ప్రశంసించిన పిమ్మట దాచరాని మాట యొకటి కలదు. ఈ మహావిద్య యొక్క వాకిలి ఒకే వర్ణమునకు, అందును పురుషులకు మాత్రమే తెఱచియుండెను. పండితుని యింటిలోనే పుట్టి, ఆ ధ్వని నడుమనే పెరిగిన ఆడపిల్లకు అధ్యయనాధికారము లేదు. అగ్రహారపు పొలములలో నాట్లు వేసి, కోతలు కోసి, ఆ పండితుని గాదెను నింపిన పాలేరునకు అక్షరములైన అందుబాటులో లేవు. తప్పు దిద్దువారి సాహచర్యము వలననే విద్య నిలుచునన్నచో, ఆ సాహచర్యమును కోట్లమందికి నిరాకరించుట ఎంతటి అపచారమో వేఱుగా చెప్పనక్కఱలేదు. ఆ అపచారమునకు కోనసీమయే బదులు చెప్పినది. రాజోలు ప్రాంతపు మామిడికుదురులో 1911లో జన్మించిన బోయి భీమన్న, దళిత కుటుంబమునుండి వచ్చి, ఉపాధ్యాయుడుగా, పాత్రికేయుడుగా, కవిగా, నాటకకర్తగా దీర్ఘమైన విద్యాజీవనము గడపెను. ఆయన రచించిన 'పాలేరు' నాటకమున పాలేరుతనము చేయు యువకుడు చదువుకొని అధికారి యగును. ఆ నాటకము ఊరూర ప్రదర్శింపబడి, పెక్కుమంది తలిదండ్రులను తమ బిడ్డలను పాలేరుతనము మాన్పించి బడికి పంపునట్లు చేసినది. పగలంతయు పనిచేసి వచ్చినవారు రాత్రి నేలపై కూర్చుండి చూచిన ఆ నాటకమును నేను ఒక పాఠశాలగానే పరిగణింతును. 'గుడిసెలు కాలిపోతున్నాయి' అను కృతికి 1975లో ఆయన సాహిత్య అకాడమీ పురస్కారము నందెను. అరుంధతీవసిష్ఠుల కథను ఇతివృత్తముగా గైకొని 'రాగవాసిష్ఠము' రచించుటలో, ఏ పురాణవిద్య తనవారికి దూరము చేయబడినదో దానినే ఆయన స్వాధికారముతో చేపట్టెను. 2005లో మరణించువఱకు ఆయన పేరు తెలుగు సాహిత్యమున వినబడుచునే యుండెను.

గ్రంథములతో నిమిత్తము లేని విద్యలకు ఈ సీమ అంతకంటె పెద్ద పాఠశాల. నేటి కోనసీమ పచ్చదనమునకు మూలమైన ఆనకట్టయే ఒకరినుండి యొకరు నేర్చిన ఫలము. నందన నామ సంవత్సరపు కరవు గోదావరి మండలమును అతలాకుతలము చేసిన తరువాత, 1847లో ఆర్థర్ కాటన్ ధవళేశ్వరము వద్ద పని ప్రారంభించి 1852లో ముగించెను. అంతకుముందు ఆయన కావేరీతీరమున పనిచేసినవాడు. లోతు తెలియని యిసుకలో పునాది నిలుపు నేర్పును, ప్రాచీనులు కట్టిన కల్లణై ఆనకట్టను చూచి, ఈ దేశపు పనివారినుండియే తాము నేర్చితిమని ఆయన బాహాటముగా అంగీకరించెను. పరిపాలకుల జాతికి చెందిన యింజనీరు, పేరు నిలువని తమిళ తాపీపనివారిని గురువులుగా చెప్పుకొనుట ఆ కాలమున సామాన్యమైన సంగతి కాదు. ధవళేశ్వరమున కూలీలను సమకూర్చి, పని నడపించిన వీణెం వీరన్న తోడ్పాటును కూడ ఆయన మఱువలేదు. వైనతేయపాయ మీదుగా నీటిని దాటించుటకు గన్నవరము వద్ద 49 కమానులతో కట్టిన అక్విడక్టు ఆ యేండ్లలోనిదే.

కట్టినవారి విద్య ఒక యెత్తు, నడపినవారి విద్య ఇంకొక యెత్తు. బొబ్బర్లంక తలలాకునుండి లొల్ల లాకులమీదుగా సాగు మధ్యడెల్టా కాలువలపై ఒకప్పుడు ధాన్యము, కొబ్బరి, మనుష్యులు, అన్నియు పడవలమీదనే ప్రయాణించినవి. ఎగువనుండి వచ్చిన పడవ లాకులోనికి చొచ్చిన పిదప వెనుక తలుపులు మూసి, నీటిని మెల్లగా దించి, దిగువ మట్టముతో సమమైన తరువాత ముందు తలుపులు తీయవలెను. తొందరపడినచో తలుపులు కదలనే కదలవు. నీటి పోటును, ఆటును, కాలువలో మేట వేసిన చోటును కనిపెట్టుట లాకు నడపు లస్కరునకు ఏ పుస్తకమును నేర్పలేదు. ముందటి లస్కరు నేర్పెను. అతనికంటె కఠినముగా శివారు రైతు నేర్పెను. ఊడ్పుల కాలమున తన మడికి నీరందనినాడు ఆ రైతు గట్టుమీద నిలిచి పలికిన మాటలు గురువు మందలింపునకు ఏమాత్రమును తీసిపోవు. ప్రతి యేటను నది మాఱును, వాన మాఱును, మేట మాఱును. కనుక ముప్పది యేండ్లు ఒకే లాకు దగ్గఱ పనిచేసినవాడును ప్రతి తొలకరికి క్రొత్తగా నేర్వవలసినవాడే.

ఆత్రేయపురపు స్త్రీల పూతరేకులను ఇచట స్మరింపకుండ లేను. బోర్లించిన కుండ వీపు మీద, అడుగున కొబ్బరికమ్మల మంట ఎగయుచుండగా, పలుచని బియ్యపుపిండిలో ముంచిన గుడ్డను ఒక్క విసరున పఱచి లాగినంతనే కాగితముకంటె పలుచనైన రేకు నిలుచును. మంట ఎక్కువైనచో రేకు మాడును. తక్కువైనచో కుండను వదలదు. ఎంత వేడిమి కావలయునో చెప్పు కొలత ఏదియు లేదు. ప్రక్క పొయ్యి దగ్గఱ కూర్చున్న అత్తయో తల్లియో చెప్పవలెను. 2023లో ఈ వంటకమునకు భౌగోళిక గుర్తింపు లభించినది. అందుకై దరఖాస్తు పెట్టిన తయారీదారుల సంఘము కాటన్ పేరు పెట్టుకొనినది. ఆయన తెచ్చిన నీటితో పండిన బియ్యముననే ఈ విద్య జీవించుచున్న దని వారు మఱువలేదు.

కొత్తపేటకు సొంతముగా పేరు తెచ్చినది శిల్పము. డి. రాజ్‌కుమార్ వుడయార్ శిల్పశాలలో రూపొందిన నాయకుల విగ్రహములు తెలుగునాట ఎన్నో కూడళ్లలో నిలిచి యున్నవి. ప్రతిమాశిల్పమున చేయి తిరిగినవాడును నిశ్చింతగా నుండలేడు. దివంగతుని ఛాయాచిత్రము ఒకే వైపునుండి తీసినది యుండును. చెవి వెనుక తీరును, మెడ వంపును శిల్పి ఊహింపవలెను. మట్టి నమూనా సిద్ధమైన తరువాత అచ్చు తీయుటకు ముందు, ఆ వ్యక్తిని ఎఱిగిన బంధువులు వచ్చి చూచి, పెదవి ఇట్లుండదనియు, నొసలు మఱికొంత వెడల్పనియు చెప్పుదురు. శిల్పశాస్త్రము తెలియని ఆ బంధువుల మాటకు శిల్పి మట్టిని మరల తడిపి దిద్దును. వేయి ముఖములు మలచినవానికైనను తరువాతి ముఖము క్రొత్తదే, దానిని దిద్దువారును క్రొత్తవారే.

నేడు వేదపాఠములు యంత్రములలో నిక్షిప్తములై యున్నవి. ఏ దేశమున నున్న తెలుగువాడైనను అరచేతిలోని ఫోనున ఘనపాఠమును వినగలుగుట సంతోషింపదగినదే. ఒకప్పుడు మూయబడిన వాకిలి ఈ విధముగనైన కొంత తెఱచుకొన్నది. కాని ఆ యంత్రము తాను పలుకును గాని, వినువాడు తప్పు పలికినపుడు ఆపదు. ఇంతవఱకు మన పరిశోధకులును, సంస్థలును భద్రపఱచినవి దోషరహితమైన పఠనములే. నేను కోరునది వేఱు. కొత్తపేట, ఆత్రేయపురము, అంబాజీపేట ప్రాంతములలో ఇంకను సంథ చెప్పుచున్న పెద్దలు శిష్యుని స్వరమును ఎచట ఆపుచున్నారో, ఎన్ని మార్లు మరల పలికించుచున్నారో, ఆ తప్పులతో కూడిన పాఠమును ఉన్నదున్నట్లు భద్రపఱుపవలెను. అట్లే లస్కరుల మాటలను, కుండ దగ్గఱ కోడలిని దిద్దుచున్న అత్తగారి మాటలను, మట్టి నమూనా ఎదుట బంధువులు శిల్పితో చెప్పు మాటలను కూడ సేకరింపవలెను. జిల్లా క్రొత్తది, దానికి వ్రాయవలసిన స్థానిక చరిత్ర ఇంకను మిగిలియున్నది, ఆ చరిత్రకు పూనుకొనువారు శాసనములతోబాటు ఈ దిద్దుబాటులను కూడ ఆధారములుగా గైకొందురని ఆశించుచున్నాను. ఈ విద్యలను ఎఱిగిన వృద్ధులు సజీవులై యుండగనే ఆ పని మొదలుపెట్టవలసి యున్నది.